పాఠం చెప్పేవారు దొరుకుతారు, చదివి పెట్టేవారే దొరకరు

2013 జనవరి ఆఖరి వారంలో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం కోర్సెరా వేదిక మీద ఒక ఉచిత కోర్సు మొదలుపెట్టింది. ఆన్‌లైన్ కోర్సులు ఎలా తయారుచేయాలో నేర్పే కోర్సు అది. దాదాపు 40 వేల మంది పేర్లిచ్చారు. అంతమందినీ చిన్న చిన్న జట్లుగా విడదీసి చర్చలు పెట్టించాలన్నది ఆలోచన. ఎవరు ఏ జట్టులో చేరతారో వాళ్లే రాసుకోవడానికి గూగుల్ స్ప్రెడ్‌షీట్ ఒకటి తెరిచి ఇచ్చారు. అప్పట్లో ఆ షీట్‌లో ఒకేసారి 50 మంది మాత్రమే రాయగలిగేవారు. వేలమంది ఒక్కసారిగా దాని మీద పడేసరికి అది చేతులెత్తేసింది. జట్లు కుదరలేదు, ఫిర్యాదులు మాత్రం పోటెత్తాయి. వారం తిరక్కుండానే కోర్సు ఆపేశారు.

ఆన్‌లైన్ కోర్సు ఎలా చేయాలో చెప్పే కోర్సే కూలిపోయిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వు పక్కనపెట్టి చూస్తే, దాన్ని ముంచింది మనుషుల్ని ఒకరితో ఒకరిని కలిపే ఏర్పాటు. చిన్న జట్లు కావాలన్న ఆలోచన సరైనదే. ఆ జట్లు నిజంగా ఏర్పడతాయా లేదా అని ముందుగా ఒక్కసారి పరీక్షించి చూసుకోలేదు.

రచయితల కోసం కోర్సు తయారుచేసేవారికి ఈ సంగతి మిగతా అందరికంటే ఎక్కువ వర్తిస్తుంది. లెక్క తప్పో ఒప్పో యంత్రం చెప్పేస్తుంది. కథ ఎక్కడ జారిందో చెప్పాలంటే ఇంకో మనిషి కూర్చుని చదవాలి. కొత్తగా రాసేవారు పేరున్న రచయితను కలిసినప్పుడు సాధారణంగా అడిగేది ఒకటే: "ఓసారి చదివి పెట్టండి సార్." కథ ఎలా రాయాలో చెప్పమని అడిగేవారు తక్కువ. అడిగినదాన్ని వదిలేసి, అడగనిదాన్ని వీడియోల్లో నింపి అమ్మడమే ఈ రంగంలో తరచూ కనిపించే పొరపాటు.

పేరున్న ముఖం

ఈ పొరపాటు ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1961లో కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్ట్‌పోర్ట్‌లో ఫేమస్ రైటర్స్ స్కూల్ అనే సంస్థ మొదలైంది. పోస్టులో పాఠాలు పంపి రచన నేర్పే బడి అది. రాండమ్ హౌస్ ప్రచురణ సంస్థకు చెందిన బెనెట్ సెర్ఫ్ దాని స్థాపకుల్లో ఒకరు. పత్రికల్లో పెద్ద పెద్ద ప్రకటనలు, వాటిలో పేరుమోసిన రచయితల ఫొటోలు, మీలో రచయిత ఉన్నారో లేదో తేల్చిచెప్పే ఉచిత పరీక్ష. అన్నీ కలిసి జనాన్ని బాగా ఆకట్టుకున్నాయి.

1970 జూలైలో జెస్సికా మిట్‌ఫర్డ్ అనే పాత్రికేయురాలు అట్లాంటిక్ పత్రికలో దాని గుట్టు విప్పారు. ఫొటోల్లో ఉన్న పెద్దలు విద్యార్థుల కాగితాలు దిద్దడం లేదు. డబ్బు కట్టినవారిలో చాలామంది మధ్యలోనే మానేస్తున్నారు, సంస్థ లాభం నిలిచింది కూడా వాళ్ల మీదే. మానేసినవాళ్ల కాగితాలు ఎవరూ దిద్దనక్కర్లేదు కదా! ఆ వ్యాసం తర్వాత సంస్థ ఎంతోకాలం నిలవలేదు. 1972లో దివాలా తీసింది.

ఇప్పటి కోర్సుల ప్రకటనలను ఈ కథతో పోల్చి చూడటం మంచిది. ప్రసిద్ధులు నేర్పే వీడియో పాఠాలు అమ్మే మాస్టర్‌క్లాస్ 2015లో మొదలైనప్పుడు తొలి బోధకుల్లో జేమ్స్ ప్యాటర్సన్ ఒకరు. ఆయన థ్రిల్లర్ నవలలు ప్రపంచమంతా అమ్ముడుపోతాయి. ఆయన ఎలా ఆలోచిస్తాడో వినడం సరదాగానూ ఉంటుంది, ఉపయోగంగానూ ఉంటుంది. కానీ విన్నంత మాత్రాన వినేవారి రాత మారదు. హరికథ విన్నట్టు విని, బాగుందనుకుని లేచిపోతారు. అది వినోదమని ముందే చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. శిక్షణ అన్న పేరు పెట్టినప్పుడే పేచీ. ఎందుకంటే శిక్షణ అన్నాక విద్యార్థి కాగితం ఎవరి చేతికి వెళుతుందో చెప్పి తీరాలి.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ బ్రాండన్ శాండర్సన్. ఈ ఫాంటసీ నవలల రచయిత యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లుగా రచన నేర్పుతున్నారు. ఆయన 2020లో చెప్పిన పాఠాలన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. ఎవరైనా, ఎంతసేపైనా, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. అయితే విశ్వవిద్యాలయంలో ఆయన తరగతికి రెండో భాగం ఒకటుంది. కొద్దిమందిని ఎంపిక చేసుకుని, వాళ్ల అధ్యాయాలు తెప్పించుకుని, ఒకరిది ఒకరు చదివి మాట్లాడుకునే వర్క్‌షాప్ అది. పాఠం ఊరందరికీ ఉచితం. చదివే చోట మాత్రం సీట్లు కొన్నే. దేనికి విలువ ఉందో ఆయన ఏర్పాటే చెబుతోంది. తెలుగులో కోర్సు పెట్టాలనుకునేవారు దీన్ని తిరగేసి చేస్తుంటారు: పాఠాలకు ఫీజు, చదవడం మాత్రం వీలుంటే.

చేరినవారు, చేసినవారు

కోర్సు ప్రకటించగానే పేర్లు వచ్చిపడతాయి. ఆ అంకె చూసి పొంగిపోకూడదని చెప్పడానికి లెక్కలు చాలానే ఉన్నాయి. హార్వర్డ్, ఎంఐటీ కలిసి నడిపిన తొలి ఏడాది ఉచిత కోర్సులు 17. వాటిలో నమోదులు 8,41,687. సర్టిఫికెట్లు 43,196. అంటే నూటికి ఐదు. తర్వాతి సంవత్సరాల్లో పరిస్థితి మెరుగుపడిందా అంటే అదీ లేదు. నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా కోర్సు లోపలికి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశీలన చెప్పింది.

రచనా కోర్సుల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో డెనిస్ కోమర్ 2013 మార్చిలో వ్యాసరచన మీద 12 వారాల ఉచిత కోర్సు నడిపారు. 82 వేల మందికి పైగా చేరారు. చివరిదాకా ఉండి పత్రం అందుకున్నవారు 1,300 లోపే. నూటికి ఇద్దరు కూడా కాదు.

ఇంతవరకూ చదివి ఆ కోర్సు విఫలమైందని తీర్పు చెప్పేయడం తొందరపాటవుతుంది. అందులో ప్రతి వ్యాసానికీ ఒకే దారి: ముందు చిత్తుప్రతి, దాని మీద తోటివారి అభిప్రాయాలు, తర్వాత తిరగరాత, ఆఖరున తాను ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో రాసే ఒక చిన్న ఆత్మపరిశీలన. ఇంత పని చేయించుకుని కూడా వెయ్యికి పైగా మనుషులు చివరిదాకా మిగిలారంటే చిన్న విషయం కాదు. ఏ కళాశాల తరగతి గదిలోనూ ఒక టీచరు ఒక విడతలో అంతమంది చేత తిరగరాయించలేరు. చేరినవారి సంఖ్యతో భాగిస్తే ఓటమిలా కనిపించేది, రాసినవారిని లెక్కపెడితే గెలుపు.

కాబట్టి కోర్సు రూపొందించేవారు లెక్కపెట్టాల్సిన మొదటి అంకె, మొదటి వారంలో మొదటి పేజీ పంపినవారి సంఖ్య. అక్కడ పడిపోతే అసలు లోపం అక్కడే ఉంది. సాధారణంగా దీనికి కారణం విద్యార్థుల బద్ధకం కాదు. మొదటి వారమే "ఒక కథ రాయండి" అని అడగడం. ఎప్పుడూ రాయని మనిషికి ఆ మాట కొండంత బరువు. అదే చోట "మీ వీధి మలుపులో ఉన్న టీకొట్టు దగ్గర ఇద్దరి మధ్య గొడవ, 200 పదాల్లో, ఎవరిది తప్పో చెప్పకుండా" అని అడిగితే అదే రాత్రి రాసి పంపుతారు. చిన్నదీ కచ్చితమైనదీ అయిన పని ఇవ్వాలి. హద్దు గీసిన కొద్దీ కలం కదులుతుంది.

చివరి రోజు నుంచి మొదటి రోజుకు

పాఠ్యప్రణాళిక వేసేటప్పుడు ఎక్కువమంది ముందు నుంచి మొదలుపెడతారు. కథ అంటే ఏమిటి, కథాలక్షణాలు, తెలుగు కథ పుట్టుక, గురజాడ, శ్రీపాద... ఇలా ఆరు వారాలు గడిచాక ఇంకా శిల్పం దగ్గరే ఉంటారు. గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై అనే ఇద్దరు విద్యావేత్తలు 1998లో వేసిన పుస్తకంలో దీనికి ఎదురు పద్ధతి చెప్పారు. చివర విద్యార్థి ఏం చేయగలగాలో ముందు తేల్చుకోవాలి. చేయగలిగాడని దేన్ని చూసి నమ్ముతామో అది రెండో ప్రశ్న. పాఠాల సంగతి మూడోది.

రచయితల కోర్సుకు ఈ పద్ధతి అన్వయిస్తే ప్రణాళిక సగానికి సగం తగ్గిపోతుంది. చివరి రోజున విద్యార్థి చేతిలో ఉండాల్సింది, రెండుసార్లు తిరగరాసి పత్రికకు పంపదగ్గ స్థితికి తెచ్చుకున్న ఒక కథ. అంతే అనుకుందాం. దానికి తెలుగు కథాచరిత్ర ఎంత కావాలి? చాలా తక్కువ. శిల్పం గురించి వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' ఉంది, దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. కొని చదువుకోవచ్చు. ఆ పుస్తకంలోని అధ్యాయాలనే కెమెరా ముందు కూర్చుని మళ్లీ చదవడం కోర్సు కాదు. పుస్తకం చేయలేని పని చేయడానికే కోర్సు పెట్టేది.

పుస్తకం చేయలేని పని ఎలా ఉంటుందో ఆల్ ఫిల్రీస్ చూపించారు. ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 2012 సెప్టెంబరులో ఆధునిక అమెరికన్ కవిత్వం మీద కోర్సెరాలో మొదలుపెట్టిన కోర్సుకు తొలి విడతలోనే 36 వేల మంది చేరారు. దాన్ని అందరూ 'మాడ్‌పో' అంటారు. ఆ వీడియోల్లో ఉపన్యాసాలుండవు. కెల్లీ రైటర్స్ హౌస్ అనే పాత ఇంట్లో ఒక బల్ల చుట్టూ ఫిల్రీస్, కొందరు కుర్రవాళ్లు కూర్చుంటారు. ఒక చిన్న కవిత తీసుకుని మాట మాటా పట్టుకుని మాట్లాడుకుంటారు. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు. ఒక్కోసారి తడబడతారు, వెనక్కి తగ్గుతారు. చూసేవారికి కవిత అర్థం తెలియడం కంటే, అర్థం ఎలా వెతుక్కోవాలో తెలుస్తుంది.

ఇది తెలుగులో చేయడానికి పైసా అక్కర్లేదు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం వేలాది తెలుగు కథలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. అందులోంచి చాసో కథ ఒకటి తీసుకుని, నలుగురు కూర్చుని, రచయిత చెప్పకుండా వదిలేసింది ఏమిటి, ఎందుకు వదిలేశాడు అని అరగంట మాట్లాడుకుంటే, 'క్లుప్తత' మీద ఇచ్చే గంట ఉపన్యాసం అక్కర్లేదు. అయితే ఆ నలుగురిలో ఒకరైనా విభేదించాలి. అందరూ తలూపితే అది సన్మానసభే.

వీడియోల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక మీది కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి ఫిలిప్ గువో, మరో ఇద్దరు 2014లో తేల్చింది చూస్తే చాలు. వీడియో ఎంత పొడుగున్నా సగటు వీక్షకుడు ఆరు నిమిషాలకు మించి చూడటం లేదు. ఖరీదైన స్టూడియోలో తీసినవాటి కంటే, ఆచార్యుడు తన బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడినవే జనాన్ని ఎక్కువ పట్టి ఉంచాయి. అంటే స్టూడియో అద్దెకు పెట్టే డబ్బు మిగిలినట్టే. దాన్ని చదివేవారికి ఇవ్వొచ్చు.

చదవడానికి పట్టే గంటలు

ఇక్కడే చాలా కోర్సులు లెక్క తప్పుతాయి. 30 మంది విద్యార్థులు, ఒక్కొక్కరిదీ వారానికి 1,200 పదాల కథ అనుకుందాం. 36 వేల పదాలు, అంటే వారానికో చిన్న నవల. శ్రద్ధగా చదివి, నాలుగు మాటలు రాసి పంపడానికి కథకు అరగంట పడుతుంది. వారానికి 15 గంటలు, ఎనిమిది వారాలకు 120 గంటలు. ఉద్యోగం చేసుకుంటూ, తన రాత తాను రాసుకుంటూ ఉండే ఏ రచయితా ఇంత చదవలేరు. మొదటి రెండు వారాలు ఉత్సాహంగా చదువుతారు. మూడో వారం నుంచి "బాగుంది, కొనసాగించండి" మొదలవుతుంది. ఐదో వారానికి ఆ మాట కూడా రాదు. విద్యార్థులు మానేసింది అప్పుడే, కానీ కోర్సు పెట్టినవారు దాన్ని తమ ఖాతాలో వేసుకోరు.

లెక్కను వెనక్కి తిప్పితే సరిపోతుంది. కోర్సు పెట్టేవారు ఎనిమిది వారాల్లో చదవడానికి నిజంగా ఇవ్వగలిగింది 24 గంటలనుకుంటే, 48 ప్రతులు చదవగలరు. 12 మంది, ఒక్కొక్కరివి నాలుగు ప్రతులు. అదే ఆ కోర్సు పరిమాణం. ఇంకా ఎక్కువ మందిని తీసుకోవాలనుకుంటే, డబ్బిచ్చి ఇంకో చదువరిని పెట్టుకోవాలి. లేదా తోటి విద్యార్థుల చేత చదివించాలి. మూడో మార్గం లేదు.

తోటివారి చేత చదివించడం అనగానే చాలామంది పెదవి విరుస్తారు. "వాళ్లకే రాదు, ఇంకొకరికేం చెబుతారు?" అన్నది వాదన. ఇందులో కొంత నిజముంది. కానీ ఆ కొంత నిజాన్ని ఎలా దాటాలో రచయితలు చాలాకాలం కిందటే కనిపెట్టారు. 1956లో పెన్సిల్వేనియాలోని మిల్‌ఫర్డ్ అనే ఊళ్లో సైన్స్ ఫిక్షన్ రచయితలు ఏటా కలిసి ఒకరి కథలు ఒకరు విమర్శించుకోవడం మొదలుపెట్టారు. అక్కడి నియమం కఠినం. అందరూ వంతులవారీగా మాట్లాడతారు, తమ వంతు వచ్చినప్పుడు కొద్ది నిమిషాలే. అందరూ ముగించేదాకా కథ రాసినవాడు నోరు విప్పకూడదు. 1968లో మొదలైన క్లారియన్ శిక్షణ శిబిరం ఆ పద్ధతినే తీసుకుంది. పీటర్ ఎల్బో 1973లో ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, గురువే లేకుండా రచయితలు ఒకరికొకరు ఎలా ఉపయోగపడవచ్చో ఏకంగా పుస్తకమే రాశారు. తీర్పు చెప్పొద్దు, చదువుతున్నప్పుడు నీలో ఏం జరిగిందో చెప్పు అన్నది అందులో సారం.

తోటి విద్యార్థికి విమర్శకుడి అర్హత లేకపోవచ్చు. పాఠకుడిగా ఉండే అర్హత మాత్రం ఎవరూ కాదనలేరు. అందుకని అతన్ని పాఠకుడిగానే వాడుకోవాలి. "ముగింపు బలహీనంగా ఉంది" అనేది తీర్పు. దాంతో రాసినవారు చేయగలిగేది లేదు. "రాములమ్మ బస్సెక్కిన చోటే కథ అయిపోయిందనుకున్నాను, తర్వాతి పేజీ ఎందుకుందో తెలియలేదు" అనేది సమాచారం. అది చదివినవారికి ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కోర్సులో ప్రతి చదువరికీ మూడే ప్రశ్నలివ్వాలి: ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు, కథ ఎవరిదని అనుకున్నారు. ఇలా మార్చు, అలా మార్చు అన్న సలహా మాత్రం ఇవ్వనీయకూడదు. ఇవ్వనిచ్చారా, కథ చేతులు మారి సలహా ఇచ్చినవాడిదైపోతుంది.

తెలుగు వర్క్‌షాపుల్లో ఇంకో చిక్కుంది, ఇది మిల్‌ఫర్డ్‌లో ఉండి ఉండదు. ఒకే జట్టులో పదవీవిరమణ చేసిన హెడ్‌మాస్టారు, డిగ్రీ చదివే అమ్మాయి ఉంటారు. ఆయన కథలో మూడో పేజీలో ఆవలింత వచ్చిందని ఆమె చెప్పదు. "చాలా బాగుంది మాస్టారూ" అంటుంది. ఆయన మాత్రం ఆమె కథలో భాషాదోషాలన్నీ దిద్ది, పైన చిన్న ప్రవచనం జోడిస్తారు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరికీ లాభం లేదు. దీనికి తేలికైన విరుగుడు, మొదటి రెండు విడతలు కథల మీద పేర్లు తీసేసి పంచడం. ఎవరిదో తెలియనప్పుడు మర్యాద అడ్డురాదు. అక్షరదోషాల దిద్దుబాటును ఆఖరి విడతకు వాయిదా వేయాలి. ఎలాగూ తీసేయబోయే పేరాలో ఒత్తులు సరిచేయడం వృథా శ్రమ.

తిరగరాత

కోర్సు మొత్తంలో ఒక్క పాఠమే ఉంచి మిగతావి తీసేయమంటే ఉంచాల్సింది ఇదే. తెలుగువారికి దీనికి బయటి ఉదాహరణ అవసరమే లేదు. 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలమెక్కింది, 1897లో అచ్చయింది. ఆడింది, పేరొచ్చింది. అయినా గురజాడ దాన్ని వదల్లేదు. 1909లో తెచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. నిడివి పెరిగింది, మధురవాణి పాత్ర ఎదిగి నాటకానికే కేంద్రమైంది. మనం ఇవాళ చదివేదీ, ఆడేదీ ఆ రెండో కూర్పునే. మొదటిదాన్ని పరిశోధకుడు బంగోరె వెతికి తీసి 1969లో మళ్లీ అచ్చువేశారు కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. ఒక సన్నివేశం రెండు కూర్పుల్లోంచీ తీసి విద్యార్థుల ముందుంచి, ఏం మారిందో, ఎందుకు మారి ఉంటుందో రాయమంటే, అంతకు మించిన అభ్యాసం ఉండదు. ఇన్ని కోర్సులు వస్తున్నా ఈ పాఠం ఎక్కువగా కనపడకపోవడం ఆశ్చర్యమే.

తిరగరాతకు కోర్సులో చోటు దానంతట అదే రాదు. కొత్త అభ్యాసం ప్రతి వారమూ వస్తుంటే పాతదాన్ని ఎవరూ ముట్టుకోరు. అందుకని రెండు వారాలకోసారి కొత్త పని ఏమీ ఇవ్వకుండా ఖాళీగా వదలాలి. డ్యూక్ కోర్సులోలాగా, తిరగరాసిన ప్రతితో పాటు ఏం మార్చారో ఒక పేజీ రాయించాలి. ఈ పేజీతో ఇంకో మేలూ ఉంది. ఇప్పుడు అడిగిన మరుక్షణం కథ రాసిచ్చే కృత్రిమ మేధ అందరి ఫోన్లలోనూ ఉంది. దాన్ని పట్టుకోవడానికి పోలీసు వేషం వేయడం కంటే, చిత్తుప్రతులన్నీ అడగడం, మార్పుల వెనుక ఆలోచన అడగడం సులువు. తన కథను తానే ఎందుకు మార్చుకున్నాడో చెప్పలేని మనిషి ఎలాగూ ఏమీ నేర్చుకోలేదు.

ఇక చిల్లర విషయాలు. చిల్లరవే, కానీ తెలుగు కోర్సులు వీటి దగ్గరే కాలు జారుతుంటాయి.

మొదటిది టైపింగ్. చేరినవారిలో కొందరు ఫోన్‌లో మాట్లాడి టైపు చేయిస్తారు, కొందరు కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, ఇంకొందరు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించి పంపుతారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే కనపడేది గజిబిజి అక్షరాలే. చదవడమే ప్రాణమైన కోర్సులో చదవలేని ఫైలు వస్తే అంతా అక్కడే ఆగిపోతుంది. కోర్సు మొదలయ్యే ముందు వారం యూనికోడ్‌లో అరపేజీ రాసి పంపడమే ప్రవేశపరీక్షగా పెడితే ఈ బెడద తీరుతుంది. రానివారికి ఆ వారంలోనే నేర్పొచ్చు.

రెండోది వేళ. తెలుగులో రాసేవారు అన్ని ఖండాల్లోనూ ఉన్నారు. హైదరాబాద్‌లో ఆదివారం రాత్రి 8 గంటలంటే దుబాయ్‌లో సాయంత్రం ఆరున్నర, వేసవిలో అయితే లండన్‌లో మధ్యాహ్నం మూడున్నర, న్యూయార్క్‌లో ఉదయం పదిన్నర, కాలిఫోర్నియాలో ఏడున్నర. అందరికీ కుదిరే వేళలు ఇలాంటివి కొన్నే. కానీ మన ఊళ్లలో రాత్రి 8 అంటే చాలా ఇళ్లలో ఆడవాళ్లు వంటింట్లో ఉండే సమయం. అందుకే ప్రత్యక్ష సమావేశాన్ని కోర్సుకు వెన్నెముకగా పెట్టుకోకూడదు. రాతపూర్వకంగా, ఎవరి వీలును బట్టి వారు చదివి రాసేదే అసలు కోర్సు కావాలి. సమావేశం తప్పిపోయినవారు వెనకబడకూడదు.

మూడోది చాలామందికి తట్టదు. తెలుగు పత్రికలు కథతో పాటు హామీపత్రం అడుగుతాయి: ఇది సొంత రచన, అనువాదం కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు అని. విద్యార్థుల కథలను కోర్సు ఫేస్‌బుక్ పేజీలో అందరికీ కనిపించేలా పెట్టేస్తే ఆ హామీ ఇవ్వడం కష్టమవుతుంది. కోర్సు ప్రచారం కోసం విద్యార్థి కథను ఖర్చుపెట్టినట్టు. కాబట్టి కథలు మూసి ఉన్న బృందంలోనే తిరగాలి, కోర్సు అయ్యాక అక్కడి నుంచి తీసేయాలి. ఈ సంగతి చేరేటప్పుడే రాసి ఇవ్వాలి.

ఫీజు ఎంతన్నది ఎవరి ఇష్టం వారిది. అయితే ప్రకటనలో ఎన్ని గంటల వీడియో ఉందో రాసే చోట, విద్యార్థి రాసిన ఎన్ని పేజీలు, ఎవరు, ఎన్నిసార్లు చదువుతారో రాయడం మొదలుపెడితే, చేరేవారికి బేరీజు వేసుకోవడం తేలికవుతుంది. ఆ వాక్యం లేని ప్రకటన చూసి డబ్బు కట్టకపోవడమే మేలు.

కోర్సు పెట్టాలనుకుంటున్నవారు కెమెరా కొనకముందే ఒక పని చేసి చూడండి. ముఖపరిచయం లేని ముగ్గురి దగ్గర ఒక్కో కథ తెప్పించుకోండి. అరగంట కూర్చుని చదివి, ఎక్కడ ఆగిపోయారో ఒక్కొక్కరికీ ఒక పేజీ రాసి పంపండి. పదిహేను రోజులు ఆగండి. ముగ్గురిలో ఇద్దరు తిరగరాసిన కథ పంపితే మీ దగ్గర కోర్సు ఉన్నట్టే, ప్రకటన వేయండి. ఎవరూ పంపకపోతే ఆ ఉత్తరాలు ఎలా రాశారో మళ్లీ చూసుకుని, ఇంకో ముగ్గురితో ప్రయత్నించండి.